యాద్విగా తమ్ముడి పేరు

సుసన్నది దివిసీమ. నాగాయలంక అవతల, సముద్రానికి దగ్గర్లో ఒక పల్లె. ఖతార్ వచ్చి పదకొండేళ్ళయింది. దోహాలో రెండిళ్ళల్లో వంటపని చేశాక, మూడేళ్ళ కింద అల్ అజీజియాలో వోల్హా అనే ఇంజినీరమ్మ దగ్గర కుదిరింది. వోల్హాది బెలారస్ దేశం. పొద్దున్నే డ్యూటీకి వెళ్తే సాయంత్రానికి గానీ రాదు. ఇంట్లో ఉండే వాళ్ళమ్మ యాద్విగాని చూసుకోవడమే సుసన్న పని.

యాద్విగాకి ఎనభై ఏడేళ్ళు. చూపు పోయాక కూతురు తన దగ్గరికి తెచ్చుకుంది. వోల్హా పిలిచినట్టే సుసన్న కూడా ఆవిడని ‘మామా’ అనేది. ఆడమనిషిని మామా అనాలంటే మొదట్లో నవ్వొచ్చేది.

ఆవిడ రచయిత్రి. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు సైనికులు వాళ్ళ దేశంలో ఊళ్ళకి ఊళ్ళే మనుషులతో సహా తగలబెట్టేశారు. ఇళ్ళు బూడిదై, పొయ్యిల ఇటుక గొట్టాలు మాత్రం నిలబడి మిగిలాయి. యాద్విగా ముప్పై ఏళ్ళు ఆ ఊళ్ళన్నీ తిరిగింది. ప్రాణాలతో బయటపడ్డవాళ్ళని వెతికి పట్టుకుని, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెప్పించుకుని రాసింది. అవే నాలుగు పుస్తకాలయ్యాయి. ఇప్పుడు ఐదోది, తన సొంతూరి గురించి, రికార్డర్‌లోకి చెబుతోంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బయట ఎండ తెల్లగా కాసేది. వీధిలో మనిషి అలికిడి ఉండేది కాదు. అప్పుడు ఆవిడ తలుపు వైపు తిరిగి కూర్చుని, "మికోలా!" అని పిలిచేది. ఆగి, చెవి ఒగ్గి వినేది. కాసేపటికి, "అంతోన్!" అని మళ్ళీ పిలిచేది. మళ్ళీ వినేది. రోజూ ఇదే, పేర్లు మాత్రం వేరు. అన్నీ మగపిల్లల పేర్లేనని వోల్హా చెప్పింది.

"పట్టించుకోకు సుసన్నా, ముసలితనం" అంది.

పట్టించుకోకుండా ఎలా? అంత నమ్మకంగా పిలుస్తుంటే ఎవరైనా నిజంగానే పలుకుతారేమోనని, వంటింట్లో ఉన్న సుసన్న ఆ తలుపు వైపు చూసేది కాదు.

చివరికి ఒకరోజు ధైర్యం చేసి, ఇద్దరికీ వచ్చిన ఆ కాస్త ఇంగ్లీషులోనే అడిగింది. "ఎవర్ని పిలుస్తున్నారు మామా?"

"మా తమ్ముణ్ణి."

"మరి ఇన్ని పేర్లేంటి?"

"వాడి పేరు గుర్తులేదు" అంది యాద్విగా. "నాకప్పుడు ఐదేళ్ళు. పక్క ఊళ్ళో మేనత్త ఇంటికి పంపారు. సాయంత్రం మా ఊరి మీద పొగ కనిపించింది. వాడికి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. ఊళ్ళో మిగతా అందరి పేర్లూ సంపాదించాను. మేనత్త కూడా ఆ యుద్ధంలోనే పోయింది, వాడి పేరు చెప్పడానికి మాత్రం ఒక్కరూ మిగల్లేదు. సరైన పేరు పిలిస్తే నాకే తెలుస్తుందని చూస్తున్నా."

తర్వాత ఆవిడ అడిగింది, "మీ ఇంట్లో అలా పోయినవాళ్ళున్నారా?"

ఉన్నారు. డెబ్బై ఏడు ఉప్పెనలో సుసన్న పుట్టకముందే వాళ్ళమ్మకి ఇద్దరు పిల్లలు పోయారు. వాళ్ళ పేర్లు సుసన్నకి తెలియవు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

శుక్రవారం ఫోన్‌లో ఇమో యాప్ నుంచి ఇంటికి కాల్ చేసి, వాళ్ళమ్మ రాహేలమ్మని అడిగేసింది.

"ఇప్పుడెందుకే నీకది?" అంది. మళ్ళీ తనే చెప్పింది. "పెద్దోడు దావీదు. మూడేళ్ళోడు. రెండోది ఆడపిల్ల. ఇరవై రోజుల పసిగుడ్డు. పాదిరిగారు ఆదివారం వచ్చి పేరు పెడతానన్నారు. శనివారమే నీళ్ళొచ్చినియ్."

"మరి ఏమని పిలిచేవాళ్ళమ్మా?"

"ఏమంటాం? చిట్టితల్లీ అనేదాన్ని."

ఆ మాటలు సుసన్న మర్నాడు యాద్విగాకి చెప్పింది. ఆవిడ చేతిలోని టీ కప్పు కింద పెట్టేసింది.

"అంటే పేరు పెట్టకముందే పోయిందా?"

"అవును మామా."

యాద్విగా పెదాలు కదిలాయి. "సినోచాక్" అంది. "మా అమ్మ ఉయ్యాల ఊపుతూ అదే అనేది. చిట్టి కొడుకా అని. అంతే. వాడికీ పేరు పెట్టలేదేమో సుసన్నా. నేను మర్చిపోలేదేమో." ఎనభై ఏళ్ళుగా ఆ నేరం తనదేనని మోస్తూ వచ్చిన మనిషి, ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. సుసన్న ఆవిడ వీపు నిమురుతూ నిలబడింది.

ఆ తర్వాత ఆవిడ ఎవర్నీ పిలవలేదు. మూడు వారాల్లో పుస్తకం పూర్తి చేసింది. మార్చిలో నిద్రలోనే పోయింది. వోల్హా శవపేటికతో బెలారస్ వెళ్ళింది, తిరిగొచ్చాక సుసన్నని వంటకి ఉంచుకుంది.

దివిసీమలో మాత్రం రాహేలమ్మకి నిద్ర కరువైంది. నలభై ఎనిమిదేళ్ళు మూసిపెట్టిన నోరు ఇక మూతపడలేదు. ప్రతి కాల్‌లోనూ వాళ్ళ మాటే. "తాడిచెట్టు పట్టుకోడానికి ఒక చెయ్యి కావాలి కదే. ఒక చేత్తో ఇద్దర్నీ ఎట్టా పట్టుకోను?" అనేది. తాను అడక్కుండా ఉండాల్సిందా అని సుసన్న కుమిలిపోయేది.

ఒకరోజు పక్కింటి పుష్ప ఫోన్ పట్టుకుంటే, రాహేలమ్మ ఊరి బయట నడుస్తూ వీడియోలో కనిపించింది. ఒక రొయ్యల చెరువు గట్టు మీద ఆగింది.

"ఇక్కడేనే. ఆ తాడిచెట్టు ఇక్కడుండేది" అని చూపించింది.

సుసన్న అజీజియా వంటింట్లో నిలబడి చూసింది. చెట్టు లేదు. తెరనిండా నీళ్ళు. వాటి అంచున వంగి, అమ్మ ఎవరితోనో మెల్లగా మాట్లాడుతోంది. ఆ మాటలు వినపడలేదు. సుసన్న కాల్ కట్ చెయ్యలేదు.