పగిలితే చెడ్డది

రాయచోటిలో మా వీధి కరెంటు సామాన్ల అంగడాయన గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టేవాడు. మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చే నేను ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేవాడు. మాడిపోయిన సీఎఫ్ఎల్ బల్బు వెనక్కి తెచ్చివ్వకపోతే మాత్రం కొత్తది ఇచ్చేవాడు కాదు. పాతవన్నీ కాగితాల్లో చుట్టి, పెట్టెలో పేర్చి, కంపెనీ బండికి అప్పగించేవాడు.

"పగిలితే శానా చెడ్డది సార్" అనేవాడు. అదీ ఒక శకునమే అనుకున్నాను.

ఒకరోజు ఆయన మా ఇంటికి కొత్త బల్బు తెచ్చాడు. పాతది విప్పుతుంటే నా చేయి జారి పగిలింది. పక్కనే మా మనవరాలు పాకుతోంది. నేను చీపురు అందుకున్నాను.

"చిమ్మొద్దు సార్! లోపల పాదరసం ఉండాది, ఇల్లంతా పరుచుకుంటాది. పాపనెత్తుకొని బయటికి పోండి!"

ఆయన కిటికీలు తెరిచి, కాసేపు ఆగి, పెంకులను అట్టముక్కతో ఎత్తి సీసాలో వేశాడు. నేల తుడిచిన తడిగుడ్డనూ అందులోనే పెట్టి మూత బిగించాడు.

"ఇదంతా నీకెవరు చెప్పినారప్పా?"

"దేన్నైనా ప్రశ్నించమని మీరే కదా సార్ చెప్తాండారు! ఇందులో ఏముండాదని కంపెనీ ఆయప్పను అడిగినా."

నా ఉపన్యాసాలు ఆయన శ్రద్ధగా వింటున్నాడని అప్పుడే తెలిసింది. పగిలితే ఎందుకు చెడ్డదని నేను మాత్రం ఆయన్ని ఒక్కసారీ అడగలేదు.