గొలుసుతో కలిపి యాభై రెండు

ఆ రోజుల్లో మా కోరుట్ల వైపు అడవిలోంచి అన్నలు వచ్చినా, వాళ్ల కోసం పోలీసులు వచ్చినా, కుర్రవాళ్లను మొదట అడిగే ప్రశ్న ఒకటే, "ఏం పని జేస్తవ్?" అని. నాకు జవాబు తడబడేది. డిగ్రీ తప్పి, కసరత్తు చేసే తాలీంలో పుస్తకం రాస్తుండేవాణ్ణి. (పుస్తకమంటే గ్రంథం అనుకునేరు. ఎవడు ఎంత బరువెత్తాడో రాసే నోటుబుక్కు.) పిడికిలి పట్టు కోసం మా దగ్గర ఒక సామాను ఉండేది. లావాటి ఇనుప గొట్టం, దానికి గొలుసు, గొలుసు చివర ఇనుప పళ్లెం. పళ్లెంలో తూకం రాళ్లు పేర్చి, ఒంటి చేత్తో గొట్టం పట్టి మోకాలి దాకా లేపాలి. నేను రాళ్ల బరువు మాత్రమే రాసేవాణ్ణి. గొలుసు సంగతేమిటని ఒకసారి అడిగితే తాలీం నడిపే ఉస్తాద్ "అన్నం ఎంత తిన్నవంటే పళ్లెం గూడ కలిపి జెప్తవార?" అని కసిరాడు.

ఇంతలో జగిత్యాలలో పోటీ పెట్టారు. ఒక్కో తాలీం నుంచి ఒక్కడే పోవాలి. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఒకాయన వస్తాడనీ, వాళ్లు గొట్టం, గొలుసు అన్నీ కలిపి కాంటా మీద తూస్తారనీ తెలిసింది. ఉస్తాద్‌కు పౌరుషం వచ్చి "ఇగ మనం గూడ గట్లనే తూద్దం, రాస్కో" అన్నాడు. ఆ కొత్త లెక్కలో మొదట ఎత్తింది నేనే. మొత్తం కలిపి యాభై రెండు. అంతకు నెల ముందు, పాత లెక్కలో, మా మేనమామ కొడుకు, నాకు బామ్మర్ది వరస, నలభై ఎనిమిది ఎత్తాడు. ఉస్తాద్ రెండు అంకెలూ చూసి "నువ్వే పోరా" అన్నాడు. పాత లెక్కలో గొలుసు లేదన్న మాట నేను ఎత్తలేదు. (మరిచిపోయానా, మరిచిపోయినట్టు ఉండిపోయానా? ఇప్పటికీ రోజుకో జవాబు వస్తుంది.)

మా బామ్మర్ది నోట్లో నాలుక లేనివాడు. ఆ పోటీ కోసమే ఏడాదిగా రోజూ తడి గోనెసంచులు పిండి పట్టు పెంచుకున్నాడు. అయినా ఆ సామానంతా భుజాన వేసుకుని నాతో బస్సెక్కాడు.

ఊరు దాటగానే పోలీసులు బస్సు ఆపారు. హెడ్ కానిస్టేబుల్ మా ఇద్దరినీ దింపాడు.

"గీ గొలుసు ఏంది?"

"పోటీల ఎత్తేటందుకు సార్."

"గొలుసు ఎత్తుతరా?"

"కాదు సార్, రాళ్లు. గొలుసు గూడ లేస్తది గని లెక్కల రాదు. అంటే మొన్నటిదాంక రాలే, గిప్పుడు అస్తది."

నా మాటలకు ఆయన అనుమానం రెట్టింపైంది. నోటుబుక్కు తిరగేసి "గొలుసు, గొట్టం అన్ని కలిసి ఎంత బరువుంటయ్?" అన్నాడు. తెలియదన్నాను. "రాసేటోనివి నువ్వే, తెల్వంది నీకేనా?" అని పక్కనే ఉన్న వడ్ల దుకాణంలో కాంటా మీద పెట్టించాడు. సరిగ్గా ఆరు కిలోలు. చిక్కు విడిపోయినట్టు ఆయన ముఖం వెలిగింది. "యాభై రెండుకు ఆరు కలిపితే యాభై ఎనిమిది! శభాష్, పోండ్రి!" అన్నాడు.

"కాదు సార్, నా దాంట్ల ముందే..." అంటుంటే బామ్మర్ది నా చొక్కా పట్టి లాగాడు. "ఇడిసిపెట్టిండ్రు గద బావా, ఇంక లెక్కలెందుకు, నడువు!"

బస్సు కదిలాక వేళ్ల మీద కూడి చూశాను. నలభై ఎనిమిదికి ఆరు, యాభై నాలుగు. మూడుసార్లు కూడినా అంతే. నేను కూర్చున్నది వాడి సీట్లో. ఉండబట్టలేక చెప్పేశాను.

"అరేయ్, పోటీకి నువ్వు పోవాలె. నీదే ఎక్కువ."

"నీది యాభై ఎనిమిది బావా. పోలీసోళ్లే జెప్పిండ్రు."

"ఆయన తప్పు కూడిండురా! నా దాంట్ల గొలుసు ముందే ఉన్నది, నీ దాంట్ల లేదు."

"గొలుసు లేకుంటె మరి రాళ్లు దేనికి ఏలాడినయ్?"

"గొలుసు ఉండె, లెక్కల లేకుండె!"

వాడు వేళ్లు మడిచి ఏదో కూడుకున్నాడు. అర్థమైందనే అనుకున్నాను. తీరా చూస్తే కళ్లనిండా నీళ్లు. "నాకు పోవాలెనని ఉన్నదని నీకెట్ల ఎర్కైంది బావా?" అన్నాడు.

"నేను లెక్క జెప్తున్నరా!"

"నువ్వు గట్లనే జెప్తవ్ తియ్" అని నా చెయ్యి పట్టుకున్నాడు. వేళ్లు విరిగాయనుకున్నాను.

జగిత్యాలలో వాడి పేరే ఇచ్చాను. వాడు అన్నీ కలిపి యాభై ఐదు ఎత్తి రెండోవాడయ్యాడు. సిరిసిల్ల ఆయన యాభై ఏడు. ఊరికి రాగానే బామ్మర్ది ఉస్తాద్‌తో "బావ పోతే ఫస్టే అచ్చేటోడు, నా కోసం ఆగిండు" అన్నాడు. నేను నోటుబుక్కు తెరిచి చెప్పబోతే ఉస్తాద్ తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటూ "ఊకోరా, మంచితనం గూడ దాస్కుంటరా?" అన్నాడు.

మొన్న తన బిడ్డ పెండ్లిలో కూడా వాడు కొత్త వియ్యంకుడికి నన్ను చూపించి ఇదే కథ చెప్పాడు. మొదట్లో పదేళ్లపాటు ప్రతిసారీ అడ్డం పడి గొలుసు సంగతి వివరించేవాణ్ణి. వివరించిన కొద్దీ నా మంచితనం పెరుగుతూ పోయింది. ఇప్పుడు తల వంచుకుని వింటున్నాను. సిగ్గుతోనే వింటున్నాను గానీ, వాడు అంత నమ్మకంగా చెబుతుంటే, ఆ యాభై ఎనిమిది నేను నిజంగానే ఎత్తానేమో అనిపిస్తుంది.