చల్లని చెవులు

ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషికి చలి కొత్త కాదు. చలిని పెట్టెలో పెట్టి, అది జారిపోకుండా సందులన్నీ మూయడమే ఆయన బతుకుతెరువు. అలాంటివాడు ఈ చలికాలం రెండు కుందేళ్ల దగ్గర బోల్తాపడ్డాడు.

కుందేళ్లు భార్యవి. కాలు విరిగిన తమ్ముణ్ణి చూసుకోవడానికి వెళ్తూ ఆవిడ గుమ్మంలో నిలబడి చెప్పింది.

"గడ్డి అయిపోకుండా చూడండి, నీళ్లు మార్చండి. చలి మాత్రం తగలనివ్వకండి. మీ చేతుల్లో పెట్టి వెళ్తున్నా."

ఇన్ని మాటల్లోనూ ఆయనకు చివరకు మిగిలింది చలి ఒక్కటే. మర్నాడు పొద్దున దూదిపింజ అనే తెల్లకుందేలు చెవి పట్టుకుని చూస్తే, గడ్డకట్టిన నీళ్ల గొట్టంలా తగిలింది.

ఇక ఆగుతాడా! మూలపడున్న చెక్కపెట్టెకు, కొరకకుండా బయటివైపునుంచి థర్మోకోల్ పలకలు బిగించాడు. పాత ఫ్రిజ్ తలుపు రబ్బరు ఊడదీసి మూత చుట్టూ అతికించాడు. గాలి కోసం ఒక మూల రెండు వేళ్లు పట్టే కన్నం వదిలాడు గానీ, అది వదలడానికి కూడా మనసొప్పలేదు. వేడినీళ్ల సంచికి గుడ్డ చుట్టి లోపల పెట్టి, రెండు కుందేళ్లనూ దింపి మూత వేశాడు. పనితనం చూసుకుని మురిసిపోయాడు.

సాయంత్రానికి చెవులు వెచ్చబడ్డాయి. అమ్మయ్య అనుకున్నాడు. తెల్లారేసరికి వేడెక్కాయి. కానీ గడ్డి పెట్టింది పెట్టినట్టే ఉంది. బూడిదరంగుది రెండు పరకలు నమిలిందేమో, దూదిపింజ అసలు ముట్టలేదు. ఒళ్లంతా చాపి పడుకుని, గబగబా ఊపిరి తీస్తోంది. ఇంకా చలి పోలేదేమోనని పెట్టెమీద దుప్పటి కప్పాడు.

మేడమీద ఉండే అక్క దిగొచ్చింది.

"ఏరా, కుందేళ్లని పెంచుతున్నావా, గుడ్లు పొదిగిస్తున్నావా?"

"నవ్వకక్కా. చెవి పట్టుకు చూడు, కాలిపోతోంది. మరి తిండెందుకు ముట్టట్లేదు?"

"నిన్న చల్లగా ఉన్నాయని ఏడ్చావు, ఇవాళ వేడిగా ఉన్నాయని ఏడుస్తున్నావు. అసలెలా ఉండాలో నీకు తెలుసా?"

ఆయనకు తెలియదు.

"చలికాలం గదక్కా, వెచ్చగా ఉంటే తప్పేంటి?"

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇక్కడ కళ్లెదురుగా ఎనిమిది కనబడుతున్నా ఆరే అంటావు" అని అక్క మెట్లెక్కేసింది.

అంతలో భార్య ఫోను. "రేపు పొద్దున్నే వచ్చేస్తున్నా. తింటున్నాయా?"

"ఆఁ" అన్నాడు. మధ్యాహ్నానికి కూడా తినకపోతే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని నిశ్చయించుకుని, ముందే ఒప్పుకున్న పనికి బయల్దేరాడు.

రొట్టెల దుకాణంలో ఫ్రిజ్ చల్లబడటం లేదట. వెనక చేయి పెట్టి చూశాడు. జాలీ చురుక్కుమంది. దానికీ గోడకీ మధ్య దుకాణందారు ఖాళీ గోనెసంచులు కుక్కేశాడు.

"ఏం పనయ్యా ఇది! లోపలి వేడంతా ఈ జాలీలోంచే బయటికి పోవాలి. దీనికి గాలి తగలకుండా చేస్తే అది ఊపిరాడక..."

మాట అక్కడే ఆగింది. దూదిపింజ పలచని చెవులు, ఈ జాలీ గొట్టాల్లాగే వాటినిండా పాకిన సన్నని ఎర్రనరాలు కళ్లముందు కదిలాయి.

"ఊపిరాడక ఏమవుతుంది మేస్త్రీ?"

"సంచులు తీసెయ్" అని ఆయన సామాను సంచి కూడా మరిచి ఇంటికి పరుగెత్తాడు.

మూత ఎత్తితే లోపలివైపు చెమ్మ బొట్లుబొట్లుగా కారుతోంది. అడుగున గడ్డి తడి. కుందేళ్లను బయటికి తీసి, తడిగడ్డీ వేడినీళ్ల సంచీ తీసేశాడు. మూత పీకి అవతల పెట్టి, పెట్టెను తలుపు గాలి తగలని మూలకు జరిపి పక్కకు పడుకోబెట్టాడు. ఎదురు వైపంతా తెరిచే ఉంచి, పొడిగడ్డి దట్టంగా పరిచి వాటిని లోపలికి వదిలాడు. ఎన్నో సందులు మూసిన చేయి, ఇంత పెద్ద నోరు తెరిచి వదిలేయడానికి వెనకాడింది. ఇదీ తప్పైతే?

నేలమీద చతికిలబడి చూస్తూ కూర్చున్నాడు. దూదిపింజ కాసేపటికి లేచి, గిన్నె దగ్గరికి పోయి నీళ్లు తాగింది. మళ్లీ కూలబడింది. డాక్టరు నంబరు కోసం ఫోను తీశాడు. అప్పుడు వినబడింది, కరకరమని సన్నని చప్పుడు. ఒక పరక. ఆగి, ఇంకొకటి.

మర్నాడు భార్య వస్తూనే కుందేలును ఒళ్లోకి తీసుకుంది. "ఏమండీ, చెవులింత చల్లగా ఉన్నాయేంటి?"

"చల్లగానే ఉండాలి" అన్నాడు ధీమాగా. ఆవిడ లోపలికి వెళ్లాక, ఎందుకైనా మంచిదని తన చెవి ఒకసారి పట్టుకు చూసుకున్నాడు.