బోదె మీద నిలబెట్టిన కారు

నా చిన్నప్పుడు మా తాతయ్యకు ఒక పాత కారు ఉండేది. గొప్ప కోసం కొన్నది కాదు. పెళ్ళిళ్ళకూ, పురుళ్ళకూ, కోర్టు వాయిదాలకూ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బాడుగకు తీసుకునేవారు. మా ఊరు కూచిపూడికి అవతల, కాలవ గట్టున ఉంటుంది. నేను చెప్పబోయేది ఏ సంవత్సరం సంగతో నా దగ్గర రాసి లేదు. తేదీలు రాసుకోవడం నేను ఆ తర్వాత మొదలుపెట్టాను. రాసి లేనిదాన్ని ఊహించి చెప్పడం నాకు ఇష్టం ఉండదు. కాలవలు కట్టేసిన ఎండాకాలం అని మాత్రం గట్టిగా చెప్పగలను. మా ఇంటి వెనక పంట బోదెలో నీళ్ళుంటే ఆ రోజు పని జరిగేదే కాదు.

మా నాయనమ్మకు ఒక కన్ను చిన్నతనంలోనే అమ్మవారు పోసి పోయింది. మిగిలిన కంటికి శుక్లం వచ్చింది. బెజవాడ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, కంటికి కట్టు కట్టి, తలకు అటూ ఇటూ ఇసక సంచులు పెట్టి పడుకోబెట్టారు. ఆ రోజుల్లో శుక్లం ఆపరేషన్ అంటే అలాగే ఉండేది. మా నాన్న అక్కడే ఆవిడ దగ్గర ఉన్నాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు ఒకే ఒక్క జాగ్రత్త చెప్పారట. దారిలో తల అదరకూడదు. అదిరితే కుట్టు తెగుతుంది, కుట్టు తెగితే ఆ కన్ను దక్కదు. ఉన్నది ఆ ఒక్క కన్నే.

తాతయ్య కారుకు ఆ జాగ్రత్త పాటించే శక్తి లేదు. ఊరి మొదట్లో ఒక తూము ఉండేది. కారు దాని మీదికి ఎక్కగానే ముందు చక్రాల దగ్గర దడ్ మని చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినే మేం అన్నం వడ్డించడం మొదలుపెట్టేవాళ్ళం. తాతయ్య వచ్చాడని వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ముందు చక్రాలను బండి ఒంటికి కలిపే ఇనప ఆర్ములు అరిగిపోయాయి. అవి బండికి తగులుకునే చోట ఉండే రబ్బరు బుష్షులు చిరిగిపోయాయి. రోడ్డు మీద పడ్డ ప్రతి దెబ్బా మెత్తబడకుండా నేరుగా సీటుకు తగిలేది. బస్సు అంతకన్నా అన్యాయం. అందుకని నాయనమ్మను తీసుకురావడానికి ముందు ఆర్ములూ బుష్షులూ మార్చెయ్యాలని తాతయ్య నిర్ణయించాడు. మా బాబాయి బెజవాడ వెళ్ళి కొత్తవి తెచ్చాడు.

తాతయ్యకు కారు పని తెలుసు. దూరం వెళ్ళినప్పుడు దారిలో చెడిపోతే ఎవరొస్తారు? తనే నేర్చుకున్నాడు. వాకిట్లో ముందు భాగాన్ని జాకీతో ఎత్తి, కింద తుమ్మ దిమ్మలు పెట్టి, చక్రాలు ఊడదీశాడు. పాత ఆర్ములు తీసి, బుష్షులు కొట్టి బయటికి తెచ్చి, అరుగు మీద గోనెపట్టా పరిచి వరసగా పెట్టాడు. కొత్తవి ఎక్కించి, పెద్ద పానాతో బిగించి, చక్రాలు తొడిగి, కారును నేలకు దించేసరికి మధ్యాహ్నం అయింది. బాబాయి ఉత్సాహంగా చేతులు కడుక్కుని వచ్చాడు. మర్నాడు పొద్దున్నే బయల్దేరాలి. మంచం వేరే రోగికి కావాలి కనక ఆలస్యం చెయ్యొద్దని ఆసుపత్రివాళ్ళు చెప్పి ఉన్నారు.

అన్నం తిన్నాక తాతయ్య అరుగు మీద కూర్చుని కారు వంక చూస్తున్నాడు. నేను పక్కనే ఉన్నాను. కారు ముక్కు కాస్త ఎత్తుకుని ఉన్నట్టు నాకూ కనిపించింది, కానీ అది కొత్తదనం అనుకున్నాను. ఆయన పాత బుష్షులను ఒక్కొక్కటే తీసి చేతిలో తిప్పడం మొదలుపెట్టాడు. అవి నిజానికి అంత పాతవేం కావు. కిందటి ఏడు మినుములు పీకే రోజుల్లో ఆయనే వేశాడు. ఏడాది తిరక్కుండానే చిరిగాయని, నాసిరకం రబ్బరు అంటగట్టాడని దుకాణం అతన్ని అప్పటిదాకా తిడుతూనే ఉన్నాడు. ఇప్పుడు అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అన్నీ ఒకే వైపు మెలి తిరిగి, ఒకే చోట చిరిగి ఉన్నాయి.

"దుకాణం వాడు అన్నిట్నీ ఒకే వైపు చింపి అమ్మడు గదా," అన్నాడు తాతయ్య, తనలో తను అనుకున్నట్టు.

కాసేపటికి నన్ను దగ్గరికి పిలిచి, తల బాగా పక్కకు తిప్పమన్నాడు. తిప్పాను. నా జడను గట్టిగా పట్టుకుని, ఇప్పుడు ముందుకు తిరుగు అన్నాడు. తిరిగితే జడ లాగి చురుక్కుమంది. జడ వదిలేసి, ముందుకే చూస్తూ ఉండమని, అప్పుడు పట్టుకున్నాడు. ఇప్పుడు అటూ ఇటూ కొంచెం తిరుగు అన్నాడు. ఏ వైపు తిరిగినా పెద్దగా లాగలేదు. "చాల్లే, వెళ్ళాడుకో," అన్నాడు.

నేను ఆడుకోవడానికి వెళ్ళలేదు. ఆయన అప్పటికే బాబాయిని కేకేసి, బిగించినవన్నీ మళ్ళీ వదులు చెయ్యాలని చెబుతున్నాడు.

సంగతి నాకు ఇప్పుడు తేలికగానే అర్థమవుతుంది. కారును పైకెత్తినప్పుడు చక్రం కిందికి వేలాడుతుంది, దానితోపాటు ఆర్మూ వేలాడుతుంది. ఆ వేలాడే స్థితిలో బోల్టు బిగిస్తే రబ్బరు అక్కడే పట్టుబడిపోతుంది. తర్వాత కారును నేలకు దించితే బరువుకు ఆర్ము పైకి లేస్తుంది. రబ్బరు మాత్రం తడిబట్ట పిండినట్టు మెలి తిరిగి, ఆ మెలికతోనే రోజంతా బతకాలి. కారు నడవకపోయినా అది నలుగుతూనే ఉంటుంది. చక్రాలు నేల మీద ఉండి, మనుషుల బరువు పడ్డాకే ఆఖరి బిగింపు బిగించాలి. తాతయ్య కిందటి ఏడు ఆ తప్పు చేశాడు. ఆ రోజు పొద్దున మళ్ళీ చేశాడు.

బాబాయికి ఒళ్ళు మండింది. "తెల్లారితే ప్రయాణం పెట్టుకుని బిగించినవి విప్పుతానంటావేంటి నాన్నా? విప్పాక ఏదన్నా విరిగితే? అమ్మని అక్కడే ఉంచేద్దామా?"

"విప్పుతాననట్లా. విప్పుతున్నా. ఆ పానా ఇట్టా ఇయ్యి."

"నేల మీద ఉంటే కిందికి ఎట్టా దూరతావు? చెయ్యి కూడా పట్టదు."

తాతయ్య మా ఇంటి వెనకాల ఉన్న పంట బోదె వైపు చెయ్యి చూపించాడు. కాలవ నుంచి పొలాలకు నీళ్ళు తీసుకుపోయే సన్నటి బోదె అది. కాలవ కట్టేశారు కనక ఎండి నెర్రెలిచ్చి ఉంది. రెండు వైపులా గట్లు రాయిలా గట్టిపడ్డాయి. బాబాయి సణుగుతూనే కారును మెల్లగా నడిపి, అటు చక్రాలు అటు గట్టు మీద, ఇటు చక్రాలు ఇటు గట్టు మీద ఉండేట్టు నిలబెట్టాడు. తాతయ్య పంచె ఎగ్గట్టి బోదెలోకి దిగి, కారు కింద వెల్లకిలా పడుకున్నాడు. బోల్టులన్నీ వదులు చేశాడు. మా కళ్ళ ముందే కారు ముక్కు దిగింది.

ఇక బరువు కావాలి. మర్నాడు ఎవరు ఎక్కడ కూర్చుంటారో అక్కడ ఎవరో ఒకరు కూర్చోవాలి. నడిపే తాతయ్య స్థానంలో బాబాయి కూర్చున్నాడు. పక్కన మా నాన్న బదులు మా అమ్మ. వెనక నాయనమ్మ బదులు ధాన్యం బస్తా వేస్తే పోయె అన్నాడు బాబాయి. బస్తాలు కొట్లో ఉన్నాయి, నేనూ చూశాను. తాతయ్య మాత్రం బస్తా వద్దని, ఎదురింటి మామ్మను పిలుచుకు రమ్మని నన్ను పంపించాడు.

ఎదురింటి మామ్మకూ మా నాయనమ్మకూ మాటలు లేవు. ఆవిడ ఆరబోసుకున్న మినప్పప్పు మా దూడ తినేసింది. దూడను కట్టేసుకోలేరా అని ఆవిడ, వాకిట్లో పరుచుకుంటే తినదా అని ఈవిడ. అప్పటి నుంచి ఇద్దరూ ఎదురుపడితే కొంగు సర్దుకుని తల తిప్పుకునేవారు. ఆవిడ రాదనే నేను అనుకున్నాను. విషయం చెప్పగానే చేతిలో మంచినీళ్ళ చెంబుతో అలాగే వచ్చేసింది.

"ఏం అన్నయ్యగారూ, ఊళ్ళో ఇంకెవరూ దొరకనట్టు నన్ను పిలిపించారు? ఆవిడంత లావున్నానా నేను?"

"అంత లేవు చెల్లెమ్మా," అన్నాడు తాతయ్య కారు కింద నుంచి. "కాస్త తక్కువే. ఆ చెంబు పట్టుకుని కూర్చో, సరిపోద్ది."

"పోనీ కాటా తెప్పించమంటావా అత్తా?" అన్నాడు బాబాయి.

"నోర్ముయ్యరా. మా ఇద్దరి తగువూ నోటితో గానీ కంటితో కాదు," అని ఆవిడ ఎక్కి కూర్చుంది. తర్వాత, మా నాయనమ్మ కూర్చుని వస్తుందా పడుకుని వస్తుందా అని మా అమ్మను అడిగింది. పడుకునే అని తెలిసి, తనూ సీటు మీద వెల్లకిలా పడుకుంది. పడుకోగానే తల తలుపుకు తగిలింది. "ఇట్టా పడుకోబెడితే బండి కుదిపినా కుదపకపోయినా తల తలుపుక్కొట్టుకుంటది. చూసుకోలేదా మీరెవరూ?" అంది.

ఎవరూ చూసుకోలేదు. ఆవిడే బాబాయిని తన ఇంటికి పంపి, మంచం మీది బూరుగు దూది దిండ్లు రెండు తెప్పించింది. ఒకటి తలుపుకు ఆనించి, ఒకటి తల కింద పెట్టి, మళ్ళీ పడుకుని చూసి, అప్పుడు సరే అంది. ఇది జరుగుతున్నంతసేపూ తాతయ్య కింద పడుకునే ఉన్నాడు. అంతా కుదిరాక, ఎవరూ కదలొద్దని చెప్పి, ఒక్కో బోల్టూ బిగించాడు. పానా బిగుసుకున్నప్పుడల్లా ఆయన పళ్ళ బిగువున మూలగడం మాకు వినపడేది. తర్వాత బయటికొచ్చి, చక్రాల వెంట తాడు లాగి, అవి తిన్నగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. అప్పటికింకా పొద్దుంది.

మర్నాడు ప్రయాణంలో నేను లేను, కనక దారి గురించి చెప్పను. మేం ఇంట్లో ఎదురుచూస్తూ కూర్చున్నాం. తూము మీద చప్పుడు కోసం అమ్మ చెవి ఒగ్గి ఉంది. చప్పుడు కాలేదు. ఇంకా రాలేదేమిటని అమ్మ రెండోసారి అనేసరికి ఎదురింటి మామ్మ కేకేసింది. "మీ ఆయన్నీ అత్తగార్నీ వీధిలో నిలబెట్టి లోపల కూర్చున్నావేమే?" కారు మా గుమ్మం ముందే ఉంది. అది రావడం మాలో ఎవరికీ వినపడలేదు.

కట్టు విప్పే రోజున కాంపౌండరు వచ్చాడు. గదిలో మేమందరం నిలబడ్డాం. ఎదురింటి మామ్మ కూడా వచ్చి అందరి వెనకాల తలుపు దగ్గర నిలబడింది. తాతయ్య మాత్రం లోపలికి రాలేదు, వరండాలో కూర్చున్నాడు. కట్టు తీశాక నాయనమ్మ చాలాసేపు కన్ను చికిలించి చూసింది.

"తలుపు దగ్గరున్నది ఎవరు? మా దూడ తిన్న పప్పు వసూలుకొచ్చిందా?" అంది.

"కన్నొచ్చింది," అంది ఎదురింటి మామ్మ. "నోరు ఎప్పుడూ పోలేదు గదా." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వరండాలో తాతయ్య లేచి పెరట్లోకి వెళ్ళిన చెప్పుల చప్పుడు వినపడింది.

నాయనమ్మ పోయేదాకా ఆ కన్ను పనిచేసింది. బిగించినవి విప్పి మళ్ళీ బిగించిన సంగతి ఆవిడకు తాతయ్య చెప్పలేదు. నేను పెద్దయ్యాక, ఉద్యోగంలో చేరాక, లెక్క తేలని చోట నాకు నిద్ర పట్టదు కనక ఆయన్ని ఒకసారి అడిగాను. కిందటి ఏడు వేసినవి దాదాపు ఏడాది నిలిచాయి కదా, ఆ ఒక్క ప్రయాణానికి మొదటి బిగింపే సరిపోయేదేమో కదా అన్నాను.

"సరిపోయేదేమో. నాకు తెలీదు. తెలీకే విప్పాను," అన్నాడు.

ఇప్పుడు నాకు బెజవాడ భవానీపురంలో ఇల్లూ, నాలాగే పాతబడ్డ ఒక కారూ ఉన్నాయి. ఈ మధ్య దాని ఆర్ములూ బుష్షులూ మార్పించడానికి బెంజ్ సర్కిల్ దగ్గర ఒక షెడ్డుకు వెళ్ళాను. నా కొడుకు వయసు ఉండే మెకానిక్ పని శుభ్రంగా చేశాడు. అయిపోయిందండీ, తీసుకెళ్ళొచ్చు అన్నాడు. ఆఖరి బిగింపు బండి పైకెత్తి ఉండగా బిగించారా, చక్రాలు నేల మీద ఆనాక బిగించారా అని అడిగాను. పైనే అన్నాడు. బరువు మీద బిగించాలి కదండీ అన్నాను.

"ఈ బండికి అంత అవసరం లేదేమోనండీ," అన్నాడు.

అవసరం లేదు అని ఉంటే డబ్బిచ్చి వచ్చేసేదాన్ని. ఆ 'ఏమో' విన్నాను కనక, విప్పమన్నాను. అతను నా ముఖం చూసి పానా అందుకున్నాడు. నేను చేతిసంచీతో సహా ఎక్కి నా సీట్లో కూర్చున్నాను.