నెలలో ఆ పది దినాలు

1986లో నేను మహారాష్ట్రలోని సిరోంచ తాలూకాలో ఒక చిన్న దవాఖానాలో నర్సును. డాక్టరమ్మ మరాఠీ మనిషి. వచ్చే ఆడవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. మంచిర్యాల పిల్లనైన నేను నర్సింగ్ చంద్రపూర్‌లో చదివి మరాఠీ నేర్చాను కాబట్టి, ఇంజెక్షన్లతో పాటు అటు మాట ఇటు చెప్పే పనీ నాదే. ఉదయం సిరంజిలు మరిగే చప్పుడు, అల్లపల్లి బస్సు దిగి సద్దిమూట విప్పుకునే జనం, ఆ వరండా నాకిప్పటికీ కళ్లముందే ఉంది.

మల్లక్కది బామ్ని అనే ఊరు. ముప్ఫై ఏళ్లుంటాయి, ఇద్దరు పిల్లలు, ప్రాణహిత ఒడ్డున వరి పొలం. ఊరికే కోపమొస్తుందని, పిల్లలను కొట్టి తర్వాత గోడకు తల బాదుకుంటుందని భర్త పోచయ్యే చెప్పాడు. నేను డాక్టరమ్మకు ఒక్క ముక్కలో తేల్చేశాను: చిరాకు, నిద్ర లేదు. ఆమె సెడెటివ్, అంటే మనిషిని నెమ్మదింపజేసే మాత్ర, రాసింది.

మూడు వారాలకు మళ్లీ వచ్చారు. మాత్ర మత్తులో మల్లక్క నాట్లు వేస్తూ మడిలోనే కూలబడిందట. గర్భసంచి తీయిస్తే అన్నీ పోతాయని ఎవరో చెప్పారని, చంద్రపూర్ పెద్దాసుపత్రికి చీటీ రాయమని పోచయ్య అడిగాడు. అతణ్ణి వరండాలో కూర్చోమని, ఈసారి మల్లక్కనే అడిగాను.

"నెలంత గిట్లనే ఉంటదా?"

"లేదు సిస్టరమ్మా. ముట్టయ్యే ముందట పది దినాలు. రొమ్ములు గుంజుతయ్, తల పలుగుతది, పిల్లలు పిలిస్తే సుత ఒళ్లు మండుతది. మొన్న ప్రాణహితల నడుము లోతుదాంక పోయిన. ఎందుకు పోయిన్నో నాకే తెల్వదు. ముట్టయినంక మళ్ల మంచిగైత."

ఈ మాట మొదటి రోజే అడగాల్సింది. డాక్టరమ్మ అంతా విని, ప్రీమెన్‌స్ట్రువల్ టెన్షన్ కావచ్చు అంది. నెలసరికి ముందు ఒంటినీ మనసునూ కలిపి పట్టే బాధ అది. ఖాయం చేయాలంటే రెండు నెలలు రోజులు గుర్తు పెట్టాలి. ఆ దినాల్లో ఆమెను ఒంటరిగా వదలొద్దని పోచయ్యకు గట్టిగా చెప్పింది. మల్లక్కకు చదువు రాదు. గోడమీద బొగ్గుతో మంచి రోజుకు నిలువు గీత, చెడ్డ రోజుకు అడ్డ గీత, ముట్టయిన రోజుకు సున్నా గీయమన్నాను.

రెండు నెలలకు పోచయ్య ఆ గీతలన్నీ కాగితం మీదకు దించుకొచ్చాడు. అడ్డ గీతలు సున్నాల ముందే గుంపుగా ఉన్నాయి.

"నేను మొండితనమనుకున్న," అన్నాడు తల దించుకుని.

ఆ రోజు డాక్టరమ్మ చెప్పిన ప్రతి మాటా తెలుగులో చెప్పాను. గర్భసంచి ఒక్కటే తీస్తే ముట్టు ఆగుతుంది, కానీ అండాశయాలు ఉన్నన్నాళ్లు ఈ బాధ ఉండొచ్చు. అవీ తీస్తే ముప్ఫైలోనే ముట్టుడిగిన ఇబ్బందులన్నీ వస్తాయి. గర్భనిరోధక మాత్రలు కొందరికి పని చేస్తాయి, కొందరికి వాంతులూ దిగులూ పెంచుతాయి. విటమిన్ మాత్రలతో కొందరికి కాస్త తేలిక. పోచయ్య మనసు ఇంకా ఆపరేషన్ మీదే ఉంది. మల్లక్క తల అడ్డంగా ఊపింది.

"పది దినాలు నేను నేను కాను. కని ఇరువై దినాలు మంచిగనే ఉంటున్న గద. ఆ మనిషిని ఎందుకు కోయిచ్చుకోవాలె? ముందుగాల మాత్రలు సూస్త."

బీపీ చూసి, తలనొప్పి ఎలాంటిదో అడిగి, డాక్టరమ్మ గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టింది. మొదటి నెలంతా వాంతులే. రెండో నెల మానేస్తానంది. మూడో నెలకు నొప్పులు తగ్గాయి. కోపం సగమే తగ్గింది. మిగతా సగానికి వాళ్లే దారి చూసుకున్నారు. ఆ దినాలు రాగానే మల్లక్క చెల్లెలు వచ్చి ఉండేది, వంట పోచయ్య చేసేవాడు. కూర మాడ్చేవాడని చెప్పి మల్లక్క నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

1989లో నాకు బదిలీ అయింది. వెళ్లే వారం మల్లక్క పెర్మిలి నుంచి తన ఆడబిడ్డను వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్ల నొప్పుల గురించి మొదలుపెట్టబోతే ఆపింది.

"ఏ దినాలల్ల అయితదో ముందుగాల అది చెప్పు. సిస్టరమ్మ అంత ఇంటది."

చదువులో నాకెవరూ నేర్పని సంగతి అది. తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ రోగి వెంట ఎవరొచ్చినా, మొదటి ప్రశ్న రోగినే అడిగాను.