మావయ్యకి ఇష్టమైన కూర

మావయ్య పోయారన్న కబురు నాకు రావులపాలెం బస్టాండులో అందింది. రాజమండ్రిలో చేస్తున్న ఉద్యోగం ముందురోజే మానేసి ఇంటికొస్తున్నాను. ఆ సంగతి ముందు మా మేనమామకే చెప్పాలనుకున్నాను. విని నవ్వగలిగే మనిషి మా ఇంట్లో ఆయనొక్కరే. ఫోనులో అమ్మ ఏడవడం లేదు. మావయ్య రేవులో మెట్టు మీద కూర్చున్నారట, లేవలేదట అని చెప్పింది. నాకు బోధపడలేదు. లేవకపోతే లేపండి అన్నాను.

ఇంక లేవడే అంది అమ్మ. అప్పుడు అర్థమైంది. అయినా పూర్తిగా అర్థం కాలేదు, ఇది రాస్తున్న ఇవాళ్టికీ కాలేదు.

జరిగింది ఇంతే. ఆదివారం కదా అని తెల్లవారకుండా నావ వేసుకుని వెళ్లారు. ఎండెక్కే వేళకి తిరిగొచ్చి, నావని గుంజకి కట్టి, చేపల బుట్ట మెట్టు మీద దించి, దాని పక్కన కూర్చున్నారు. రేవులో బట్టలుతుకుతున్నావిడ అలిసిపోయారనుకుంది. జనం పరిగెత్తుకొచ్చేసరికి బుట్టలో చేపలు ఇంకా కదులుతున్నాయి. పరామర్శకి వచ్చిన ప్రతివారూ నాకు ఆ మాటే చెప్పారు.

మా ఊరి సెంటర్లో ఆయనది సప్లై సామాన్ల కొట్టు. షామియానాలు, కుర్చీలు, గుండిగలు, గరిటెలు అద్దెకిస్తారు. పి.గన్నవరం నుంచి కొత్తపేట దాకా మీలో ఎవరింట పెళ్లయినా, ఆయన కుర్చీలో మీరు ఒక పూటైనా కూర్చునే ఉంటారు. ఆ రోజు ఆయన ఇంటి ముందు వెయ్యాల్సిన షామియానా కూడా ఆయన కొట్లోంచే వచ్చింది. పనివాళ్లు గుంజలు పాతి, గుడ్డ విప్పి, అలాగే నిలబడిపోయారు. ఎటు తెరవాలో తెలియలేదు. అది ఎప్పుడూ మావయ్యే చెప్పేవారు. తువ్వాలు తలకి చుట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి, ఓసారి ఎండనీ, ఓసారి గాలినీ చూసి చెయ్యి ఊపేవారు. పనివాళ్లలో పెద్దాయన అలవాటుగా, "ఎటు తెరవమంటారండీ?" అని ఇంట్లోకి చూస్తూ అడిగేశాడు. లోపల పడుకోబెట్టి ఉన్నది ఎవరినో అప్పుడు గుర్తొచ్చి, గుడ్డ చేతుల్లో పట్టుకుని కూలబడిపోయాడు.

చావింటి గురించి రాస్తూ ఇది చెప్పకూడదేమో గానీ, అక్కడ ఆ కుర్చీల్లో కూర్చున్న సగం మంది ఒకప్పుడు కుర్చీలాటలో వాటి చుట్టూ పరిగెత్తినవాళ్లే. మగపెళ్లివారు ఆలస్యమైతే మావయ్యకి పండగ. కుర్చీలు గుండ్రంగా వేయించి, సన్నాయి మేళం వాళ్లని వాయించమని, తను కన్నుకొట్టగానే ఠక్కున ఆపమనేవారు. ఊళ్లో పెద్దమనుషులు కండువాలు నడుముకి చుట్టుకుని ఒకరినొకరు తోసుకునేవారు. ఓసారి పెళ్లికూతురి తాతగారు ఆటలో గెలిచి, పెళ్లివారు వచ్చినా కుర్చీ దిగనన్నారు. ఆయన్ని కుర్చీతో సహా మోసుకెళ్లి ఎదురుకోలులో నిలబెట్టారు మావయ్య.

ఆదివారం ముహూర్తాలు లేకపోతే ఆయన నేల మీద ఉండేవారు కాదు. చిన్న నావ, గాలం, ఓ గిన్నె, పొయ్యిలోకి నాలుగు కొబ్బరి డొక్కలు. నేను ఊళ్లో ఉంటే నన్ను కూడా ఎక్కించుకునేవారు. మా రేవుకి ఎదురుగా ఏటి మధ్యలో ఒక లంక ఉంది. ఏటా వరద తీశాక దాని రూపం మారిపోతుంది. నిరుడు నడిచిన చోట ఈసారి నీళ్లుంటాయి. వరద తరవాత మొదటిసారి దిగినప్పుడు ఆయన చెప్పులు విప్పేసి లంకంతా ఒక చుట్టు తిరిగేవారు, కొత్తగా చేరిన అద్దె ఇంట్లో గదులు చూసుకుంటున్నట్టు. ఎక్కడ ఇసక మెత్తగా ఉందో, ఏ పక్షి ఎక్కడ గుడ్లు పెట్టిందో చూసుకున్నాకే పొయ్యి వెలిగించేవారు. వానొస్తే గొడుగు తెరిచేవారు. తడవడానికే వచ్చి గొడుగెందుకు మావయ్యా అంటే, గొడుగు మనకి కాదు, పొయ్యికి అనేవారు.

గాలం పట్టుకోవడం నాకు ఎన్నేళ్లకీ చేతకాలేదు. మాటిమాటికీ తాడు లాగి చూసేదాన్ని. "గాలం వేశాక చేప గురించి ఆలోచించకు కోడలా, దానికి తెలిసిపోద్ది," అనేవారు. మరి దేని గురించి ఆలోచించమంటారు అని ఒకసారి విసుక్కున్నాను. "నీ ఉద్యోగం గురించి ఆలోచించు. దాని మీద నీకు మనసు లేదు కదా, చేపకి అనుమానం రాదు," అన్నారు. ఆ మాటకి నేను రెండు రోజులు అలిగాను. ఇప్పుడు తలుచుకుంటే, అది వేళాకోళమో, నా గురించి నాకంటే ముందు తెలుసుకుని చెప్పిన మాటో తేలడం లేదు. ఆయనతో వచ్చిన చిక్కే అది. ఏ మాట ఎందుకన్నారో అడిగితే ఇంకో మాట చెప్పి నవ్వించేవారు.

ఆ చిక్కు ఎంత పెద్దదో చిన్నకార్యం ముందురోజు తెలిసింది.

మావైపు చిన్నకార్యం నాడు పోయినవారికి ఇష్టమైనవి వండి, ఏటిగట్టు దిగువన ఆకులో వడ్డించి, పక్షి వచ్చి ముట్టేదాకా నిలబడతాం. ఏం వండాలని అత్తయ్య అడిగింది. అడగడమే తడవు, అమ్మ పనసపొట్టు కూర అంది. చిన్నప్పటి నుంచీ అన్నయ్యకి ప్రాణం, మొన్న మొన్న కూడా నీ చేతి కూర తిన్నాక ఇంకోటి తినబుద్ధి కాదన్నాడని చెప్పింది. పక్కింటి టీచరుగారు మొహమాటపడుతూనే, "చింతచిగురు రొయ్యలండీ. మా ఇంట్లో ఈస్టర్‌కి తిని, ఇలాంటిది నా జన్మలో తినలేదన్నారండి," అన్నారు. పెళ్లిళ్లకి వంట చేసే మేస్త్రి గుమ్మం బయట నిలబడి అంతా వింటున్నాడు. నా గుత్తొంకాయ కోసమే ఆఖరి బంతి దాకా ఆగేవారండీ అన్నాడు.

"ఆఖరి బంతి దాకా ఆగేది గుండిగలు లెక్క చూసుకోడానికి," అంది అమ్మ.

"ఆయ్, లెక్కకే వచ్చేవోరండి. గుండిగలో వంకాయ మిగల్లేదంటే సగం ఆయన లెక్కేనండి."

ఎవరో నవ్వారు. ఇంకెవరో ముక్కు చీదారు. సాయంత్రానికి వీధిలో సగం ఇళ్ల నుంచి ఒక్కో కూర పేరు వచ్చి చేరింది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అందరితోనూ ఆయన ఆ మాట అనే ఉన్నారు, అదే మాట, కళ్లు మూసుకుని, తల ఊపుతూ. సామాన్లు పంపిన ప్రతి ఇంట్లోనూ ఆయనకి భోజనం పెట్టేవారు. పెట్టిన ప్రతి ఆడమనిషీ ఎలా ఉందండీ అని అడిగేది.

అత్తయ్య మాత్రం లేచింది. నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"నువ్వు ఆయనతో లంకకి వెళ్లేదానివి కదమ్మా. అక్కడ మొహమాటపెట్టేవాళ్లు ఉండరు కదా. ఏం తినేవోరు ఇష్టంగా?"

లంక మీద నేను చేసేది ఒక్కటే, గిన్నె మూతలో కోడిగుడ్డట్టు. సగం మాడేది, సగం ఉడికేది కాదు, ఇసక ఎలాగూ పడేది. అది తిని ఆయన, అమలాపురం హోటళ్లన్నీ దీని ముందు దిగదుడుపే అనేవారు. ఆ సంగతే చెప్పాను. అత్తయ్య నవ్వబోయి ఆగింది.

"కొత్తగా కాపురానికొచ్చినప్పుడు బొమ్మిడాయిల పులుసులో ఉప్పు రెండుసార్లు వేసేను. అప్పుడూ ఇలాగే అన్నారు. ఆ వారమంతా అదే వండేను పిచ్చిదాన్ని. ఇప్పటికీ ఆయనకి అదే ఇష్టమనుకుంటన్నాను." పొయ్యి గట్టు తుడవడం మొదలుపెట్టింది. "ఇన్నేళ్లు వండిపెట్టేను. మా ఆయనకి ఏది ఇష్టమో నాకు తెలీదని ఎవరితో చెప్పుకోమంటావు? ఈ ఒక్కసారైనా సరిగ్గా పెట్టాలమ్మా. మళ్లీ పెట్టేది లేదు కదా."

ఆ రాత్రి నేను ఎంత గుర్తు చేసుకున్నా లాభం లేకపోయింది. లంక మీద తినేటప్పుడు మావయ్య ఏటి వైపు తిరిగి కూర్చునేవారు. నాకు కనపడింది వీపు మాత్రమే. మెచ్చుకునేటప్పుడు ఇటు తిరిగేవారు. నమిలేటప్పుడు ఆయన ముఖం ఎలా ఉండేదో నేను చూడలేదు. అందరి మీదా కన్నేసి ఉంచే నాకు, ఆ మనిషి గురించి ఇంత చిన్న విషయం ఎలా తప్పిపోయిందో తెలియడం లేదు.

మర్నాడు అత్తయ్య అందరి కూరలూ తెమ్మంది. ఏటిగట్టు దిగి, ఇసక మీద అరటాకు పరిచి, తనే వడ్డించింది. పనసపొట్టు, రొయ్యలు, గుత్తొంకాయ, ఇంకా ఏవేవో. చివర తన పులుసులో చేప ముక్కలు. నా చేత కూడా ఒక అట్టు వేయించింది. అందరం వెనక్కి జరిగి నిలబడ్డాం. కొబ్బరిచెట్ల మీద కాకులు అరుస్తున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. మనసులో ఏదో ఉండిపోయి ఉంటుంది, మాటివ్వండి అన్నారు పెద్దలు. కొట్టు మూసేది లేదని పనివాళ్లు మాటిచ్చారు. వదినని చూసుకుంటానని అమ్మ మాటిచ్చింది. ఎండ నెత్తి మీదకి వచ్చింది. కాకులు అక్కడే ఉన్నాయి.

అప్పుడు అత్తయ్య ఒక్కడుగు ముందుకేసి, ఆకుతో కాదు, గోదావరితో అన్నట్టు మెల్లగా అంది. "ఏది కావాలో అదే తీసుకోండి. మొహమాటం వద్దు. నేను చూత్తాను."

కాకి రాలేదు. ఏటి వైపు నుంచి ఒక గద్ద వచ్చింది. రావడం ఎవరూ చూడలేదు. ఇసక మీద నీడ పడిందని తల ఎత్తేలోపు అది ఆకు మీద వాలి, లేచిపోయింది. ఆకు చిరిగి తిరగబడింది, కూరలన్నీ ఇసకలో కలిసిపోయాయి. దాని కాళ్లకి ఆకు ముక్క వేలాడుతోంది. ఆ ఆకు ముక్కలో ఏదో ఉంది.

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. రొయ్యలేనండీ, ఎర్రగా కనపడిందన్నారు టీచరుగారు. అది వంకాయ తొడిమండీ అన్నాడు మేస్త్రి. గద్దకి పనసపొట్టు అక్కర్లేదా ఏంటి అని అమ్మ పోట్లాటకి దిగింది. గద్ద ముట్టినా చెల్లుతుందా అని ఎవరో అడిగితే, పక్షే కదా అని పెద్దలు సర్దేశారు. నాకైతే పసుపుపచ్చగా, మాడిన అంచులా ఏదో కనపడినట్టే ఉంది. ఆ మాట పైకి అనలేదు.

"నువ్వు చూసేవా అమ్మా? ఏంటది?" అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"ఎండ కళ్లల్లో పడింది అత్తయ్యా. సరిగ్గా కనపడలేదు."

ఆవిడ చెయ్యి వదిలేసింది. అప్పటికే గద్ద నీళ్లు దాటి లంక మీదకి వెళ్తోంది. గట్టు మీద అందరూ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అటే చూస్తూ వాదించుకుంటున్నారు. అత్తయ్య మాత్రం కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఇంకొంచెం దగ్గరైతే కనపడుతుందేమోనని, తల పైకెత్తి చూస్తూనే మోకాలి లోతు నీళ్లలోకి నడిచింది.