దండోరా తాత ఓటు

మా చిన్నప్పుడు రాయగడలో ఊరివాళ్లకి ఏ కబురు చెప్పాలన్నా డప్పు కొట్టి చాటే తాత ఒకాయన ఉండేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ప్రతి కబురూ ముందు ఒడియాలో, తరవాత తెలుగులో చెప్పి, చివర "ఇన్నారేటి?" అని ఆగేవాడు. ఎవరూ పలికేవారు కాదు. అయినా కాసేపు అలాగే నిలబడి, అప్పుడు పక్క వీధికి కదిలేవాడు.

ఒక ఏడు ఊళ్లో మునిసిపాలిటీ ఎన్నికలొచ్చాయి. "రేపు బళ్లో ఓట్లండీ! పేరు పిలిసి సీటీ ఇత్తారు. తెర ఎనక్కెల్లి, మీకు నచ్చిన గుర్తున్న పెట్టిలో ఎయ్యండి. ఇన్నారేటి?" అని వీధి వీధికీ తిరిగి చాటాడు.

మర్నాడు తనూ ఓటేసి వచ్చి, వేలి మీద సిరా ఆరకుండానే మా అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ మంచినీళ్లిచ్చి, "ఎవులికేసేవు తాతా?" అని అడిగింది.

ఆయన చెంబు దించి అమ్మకేసి చూశాడు. ఆయన్ని ఎవరైనా ఏదైనా అడిగి ఎన్నాళ్లయిందో!

"సెప్పకూడదమ్మీ" అన్నాడు.

"నాకొక్కదానికే సెప్పు. నానెవులికీ సెప్పన్లే."

"ఊహూఁ" అని నవ్వాడు. ఆయన నవ్వగా చూడడం నాకదే మొదలు.

అమ్మ బియ్యం ఏరుకుంటూ మళ్లీ మళ్లీ అడిగింది. అడిగినప్పుడల్లా చెప్పననే అన్నాడు. లేచి మాత్రం వెళ్లలేదు. పొద్దు వాలి, అమ్మ పొయ్యి రాజెయ్యడానికి లోపలికి వెళ్లిపోయాక కూడా, ఇంకోసారి అడుగుతుందేమోనని గుమ్మంకేసి చూస్తూ అక్కడే కూర్చున్నాడు.